కొత్త కారుకి టైర్, రిమ్ కవర్: పెట్టించాలా, తీసేయమనాలా?

కొండాపూర్_కుర్రాడు

అన్నలూ, అక్కలూ, ఒక సలహా కావాలి. వచ్చే వారం కొత్త కారు డెలివరీ. మిడ్‌సైజ్ ఎస్‌యూవీ, పెట్రోల్, 1497 సీసీ. పై వేరియంట్ కాబట్టి 17 అంగుళాల అలాయ్ చక్రాలు, టైర్ సైజు 215/60 ఆర్17. కంపెనీ పేరు కావాలనే చెప్పట్లేదు, షోరూమ్ వాళ్లు కూడా ఇలాంటివి చదువుతుంటారు.

షోరూమ్ ఇచ్చిన ఇన్సూరెన్స్ కొటేషన్‌లో బంపర్ టు బంపర్ (విడిభాగాల తరుగుదల కోత లేకుండా ఇచ్చేది), ఇంజిన్ ప్రొటెక్ట్ (నీళ్లు చేరి ఇంజిన్ పాడైతే ఇచ్చేది), రిటర్న్ టు ఇన్‌వాయిస్ (బండి పూర్తిగా పోతే బిల్లు ధర ఇచ్చేది), తాళం పోతే కొత్త తాళం, ఇంకా ఏవేవో కలిపి పెద్ద చిట్టా ఉంది. మిగతావి కాస్తో కూస్తో అర్థమయ్యాయి కానీ టైర్ అండ్ రిమ్ కవర్, అంటే టైరు, రిమ్ దెబ్బతింటే డబ్బులిచ్చేది, దాని దగ్గరే ఆగిపోయాను. దానికి 2,900 వేశారు. తీసేయమంటే సేల్స్ అబ్బాయి "సార్, వానాకాలంలో ఒక్క గుంతలో పడితే పాతిక వేలు, తర్వాత మీ ఇష్టం" అన్నాడు. స్పేర్ పార్ట్స్ కౌంటర్‌లో అడిగితే టైరు పదకొండు వేలు, అలాయ్ పద్నాలుగు వేలు అన్నారు, అంటే అతను చెప్పిన పాతిక వేలు అబద్ధమేం కాదు. అదే సమయంలో మా కజిన్ మాత్రం బంపర్ టు బంపర్ ఉంటే టైర్లూ అందులోనే వస్తాయి, ఇది దండగ అంటున్నాడు.

నా వాడకం: రోజూ కొండాపూర్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్. నెలకోసారి నరసరావుపేట, మిర్యాలగూడ, దాచేపల్లి మీదుగా. హైవే బాగానే ఉంటుంది, అక్కణ్ణుంచి మా ఊరికి వెళ్లే పన్నెండు కిలోమీటర్ల రోడ్డే రోడ్డులా ఉండదు. పెట్టించాలా వద్దా? క్లెయిమ్ చేసినవాళ్లు ఎవరైనా ఉంటే డబ్బులు నిజంగా వచ్చాయా లేదా చెప్పండి.

స్టెప్నీ_సుబ్బారావు

వద్దు తమ్ముడూ. ఆ 2,900 పెట్టి మంచి ప్రెషర్ గేజ్, చిన్న ఎలక్ట్రిక్ పంపు కొనుక్కో, ఇంకా డబ్బులు మిగుల్తాయి. పదిహేను రోజులకోసారి చల్లగా ఉన్నప్పుడు గాలి చూసుకుంటే సగం టైర్ సమస్యలు రానే రావు. మా కాలంలో ఈ యాడ్-ఆన్‌లు (మామూలు పాలసీకి అదనంగా కట్టి చేర్చుకునే కవర్లు) లేవు, మేమూ గుంతల్లోనే తిరిగాం.

నిజాంపేట్_నాని

సుబ్బారావు గారూ, మీ కాలంలో 80 సిరీస్ టైర్లు, అంటే పక్కగోడ ఎత్తుగా ఉండేవి, పైగా ఇనప రిమ్ములు. గుంతలో పడ్డా రిమ్ వంగితే సుత్తితో కొట్టి సరిచేసేవాళ్లు. ఇప్పుడు టైరు పక్కగోడ ఎత్తు తగ్గిపోయింది, లోపల అలాయ్. పోలికే లేదు.

ఇక విషయానికొస్తే, నేను క్లెయిమ్ చేశాను, డబ్బులు వచ్చాయి, కానీ మొత్తం రాలేదు. ఎలా జరిగిందో చెప్తా. ఔటర్ రింగ్ రోడ్డు పక్క సర్వీస్ రోడ్డు మీద వాన తర్వాత రాత్రిపూట వస్తున్నా, నీళ్లు నిండి గుంత కనపడలేదు, ఎడమ ముందు చక్రం దబ్బున పడింది. టైర్‌లో గాలి పోలేదు కాబట్టి ఇంటికొచ్చేశా. పొద్దున చూస్తే సైడ్‌వాల్ (పక్కగోడ) మీద నిమ్మకాయంత బుడగ లేచి ఉంది, రిమ్ అంచు లోపలివైపు కొంచెం వంగింది. ఫొటోలు తీసి, ఇన్సూరెన్స్ కంపెనీకి యాప్‌లో చెప్పి, స్టెప్నీ వేసుకుని వర్క్‌షాప్‌కి వెళ్లా.

అక్కడికి ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున నష్టం లెక్కగట్టే సర్వేయర్ వచ్చాడు. చేతిలో చిన్న డెప్త్ గేజ్, దాని సూదిని టైరు గీతల్లో నాలుగు చోట్ల దించి రీడింగ్ రాసుకున్నాడు, టైరు మీద తయారీ కోడ్ ఫొటో తీశాడు, మిగతా మూడు టైర్లూ చూశాడు. ఎందుకంటే టైరు ఎంత మిగిలుందో దాన్నిబట్టే డబ్బులిస్తారు. నాది అప్పటికి ఏడాదిన్నర బండి, గీతల లోతుని బట్టి పెట్టిన మెట్ల లెక్కలో టైరు ధరలో డెబ్బై ఐదు శాతం వచ్చింది. ఆ పాతిక శాతం మనదే. బ్యాలెన్సింగ్, ఫిట్టింగ్ ఖర్చు ఇచ్చారు. రిమ్ దగ్గరే గొడవ. ముందు "రిమ్ మీద ఉన్నవి గీతలే, పనిచేయడానికి అడ్డం లేదు" అన్నారు. వర్క్‌షాప్ వాళ్లు రిమ్‌ని బ్యాలెన్సింగ్ మెషీన్ మీద పెట్టి తిప్పి, ఊగుతున్నట్టు వీడియో తీసి పంపాక ఒప్పుకున్నారు. ఇంకోటి, "గాలి పోయిన టైరు మీద నడిపారా" అని రెండుసార్లు అడిగారు. గాలి లేకుండా కొంచెం దూరం నడిపినా సైడ్‌వాల్ లోపల చుట్టూ నలిగిన గీత పడుతుంది, టైరు విప్పితే దొరికిపోతాం, క్లెయిమ్ అక్కడే కొట్టేస్తారు. నాకు ఆ సమస్య రాలేదు.

కంపెనీ పేరు చెప్పను. నాలుగు మెయిళ్లు, ఒక గ్రీవెన్స్ నంబర్ పట్టింది, కానీ వచ్చింది. నీ రోడ్లు చూస్తే పెట్టించుకోమనే చెప్తా, కానీ షోరూమ్ రేటుకి కాదు.

క్లెయిమ్_డెస్క్

కొంతకాలం ఒక వర్క్‌షాప్‌లో ఇన్సూరెన్స్ డెస్క్ చూశాను కాబట్టి ఇది నాకు బాగా తెలిసిన గొడవ. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు మీ కజిన్ మాట. బంపర్ టు బంపర్ ఉంటే టైర్లు కూడా వస్తాయనేది చాలామందికి ఉన్న అపోహ. మన దేశంలో మామూలు ప్యాకేజీ పాలసీలో టైరు ఒక్కటే దెబ్బతింటే రూపాయి కూడా రాదు. కారుకి కూడా అదే ప్రమాదంలో దెబ్బ తగిలితేనే టైరు లెక్కలోకి వస్తుంది, అప్పుడు కూడా కొత్త టైరు ఖరీదులో 50 శాతమే. బంపర్ టు బంపర్ అనేది ప్లాస్టిక్, లోహం భాగాలకి తరుగుదల పేరుతో క్లెయిమ్‌లో వేసే కోత తీసేయడానికి, చాలా కంపెనీల మాటల్లో టైర్లు, బ్యాటరీ దానికి బయటే ఉంటాయి. కాబట్టి గుంతలో పడి టైరు బుడగ వచ్చి బండికి ఇంకేం కాకపోతే ఆ పదకొండు వేలు మీ జేబులోంచే.

ఈ ఖాళీని పూడ్చడానికే టైర్ కవర్. ఇది గుంతకో, డివైడర్ అంచుకో కొట్టుకుని టైరు ఉబ్బినా, కోసుకుపోయినా, పేలినా ఇస్తుంది. పంక్చర్‌కి రాదు. అరిగిపోతే రాదు. చక్రాలు ఎవడో విప్పుకుపోతే సాధారణంగా రాదు. తయారీ లోపమైతే అది టైరు కంపెనీ వారంటీ, ఇన్సూరెన్స్‌కి సంబంధం లేదు, కారు కంపెనీ కూడా టైరు కంపెనీ వైపే చూపిస్తుంది. మీరు బయట పెద్ద సైజు అలాయ్‌లు వేయించుకుంటే కూడా ఇబ్బందే.

ఇంతవరకూ సేల్స్ అబ్బాయి కూడా చెప్తాడు. అతను చెప్పనిది ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్, క్లెయిమ్ చేయని వాళ్లకి ఇచ్చే తగ్గింపు) సంగతి, అసలు లెక్క అక్కడే ఉంది.

క్లెయిమ్ చేయకపోతే రెన్యువల్‌కి ఓడీ (ఓన్ డ్యామేజ్, అంటే మన బండికి జరిగే నష్టానికి కట్టే భాగం) ప్రీమియం మీద తగ్గింపు మొదటి ఏడాది తర్వాత 20 శాతం, తర్వాత 25, 35, 45, చివరికి 50. మధ్యలో ఒక్క ఓడీ క్లెయిమ్ పడితే సున్నాకి వచ్చి మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. అందరూ "వచ్చే ఏడాది 20 శాతం పోతుంది, అంతే కదా" అనుకుంటారు. అంతే కాదు. మొదటి ఏడాదిలో క్లెయిమ్ చేస్తే మీకు తగ్గింపు వరసగా 0, 20, 25, 35, 45 వస్తుంది, చేయని వాడికి 20, 25, 35, 45, 50. తేడాలు కూడితే 20, 5, 10, 10, 5. మొత్తం 50. అంటే ఐదేళ్లలో కలిపి ఒక ఏడాది ఓడీ ప్రీమియంలో సగం పోయినట్టు. మీ ఓడీ పదహారు వేలు అనుకుంటే సుమారు ఎనిమిది వేలు, ఐడీవీ (పాలసీలో బండికి కట్టే విలువ) ఏటా తగ్గుతూ పోతుంది కాబట్టి నిజానికి ఇంకాస్త తక్కువ.

ఇప్పుడు 50 శాతం మెట్టు మీద కూర్చున్నవాడు టైరు కోసం క్లెయిమ్ చేశాడనుకోండి. అతనికి పోయేది 50, 30, 25, 15, 5. కూడితే 125. ఏడాదింపావు ఓడీ ప్రీమియం! దానికి తోడు అప్పటికి టైరు అరిగి ఉంటుంది, సర్వేయర్ గేజ్ దించితే వచ్చేది సగమో పావో. గీతలు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే అసలు ఇవ్వరు, ఆ లోతు తర్వాత టైరు రోడ్డు మీద తిరగడానికే పనికిరాదు. అందుకే పాత బండికి ఈ కవర్ పెట్టించుకోవడం నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. ఏదన్నా పనికొస్తే కొత్త బండికి మొదటి ఒకటి రెండేళ్లే. టైరు కొత్తది, పోగొట్టుకునే ఎన్‌సీబీ చిన్నది.

మళ్లీ మీ లెక్కకొద్దాం. మొదటి ఏడాది ఒక్క టైరే పోయింది. పదకొండు వేలు. 1500 సీసీ లోపు కాబట్టి కంపల్సరీ డిడక్టబుల్ (ప్రతి క్లెయిమ్‌లో మనమే భరించాల్సిన మొత్తం) వెయ్యి తీసేస్తే పది వేలు. ఐదేళ్ల ఎన్‌సీబీ నష్టం ఏడెనిమిది వేలు. మిగిలేది రెండు మూడు వేలు, దాదాపు మీరు కట్టిన ప్రీమియం అంత. ఒక్క టైరుకైతే దీంట్లో లాభం లేదు. రెండు టైర్లు పోయినా, టైరుతో పాటు రిమ్ కూడా పగిలినా అప్పుడు ఇరవై వేల పైన మాట, అక్కడ ఈ కవర్ పనికొస్తుంది.

అయితే ఇదంతా ఒక్క వాక్యంతో తిరగబడొచ్చు. ఈ యాడ్-ఆన్ కింద మాత్రమే చేసిన క్లెయిమ్ ఎన్‌సీబీని తాకుతుందా తాకదా అనేది కంపెనీ కంపెనీకి మారుతుంది. డిడక్టబుల్ పడుతుందా లేదా అనేది కూడా. తాకదని రాసి ఉంటే కళ్లు మూసుకుని తీసుకోండి. తాకుతుందని ఉంటే పైన చెప్పిన లెక్క వేసుకోండి. బ్రోషర్‌లో ఇది ఉండదు, పాలసీ వర్డింగ్ అని ఒక పెద్ద పీడీఎఫ్ ఉంటుంది, అందులో యాడ్-ఆన్ పేరు వెతికి ఆ పేజీ ఒక్కటి చదవండి. అర్థం కాకపోతే మెయిల్ పెట్టి అడగండి, ఫోన్‌లో చెప్పింది ఎవరూ ఒప్పుకోరు.

కొండాపూర్_కుర్రాడు

క్లెయిమ్_డెస్క్ గారూ, ఈ 125 లెక్క చూసి మా నాన్నగారి పాత కారు పాలసీ తీసి చూశా. ఆయనకి 50 శాతం ఎన్‌సీబీ, ఆరేళ్ల బండి, టైర్ కవర్ ఉంది, ఏజెంట్ ఏటా పెట్టేస్తున్నాడు! ఈసారి తీయిస్తా.

ఇంకో సందేహం. బయట ఇన్సూరెన్స్ తెచ్చుకుంటానంటే షోరూమ్ వాళ్లు "మా దగ్గర క్యాష్‌లెస్ రాదు, డెలివరీ కూడా లేటవుతుంది" అంటున్నారు. అంటే రిపేర్ బిల్లు ముందు మనమే కట్టాలంట. నిజమేనా?

క్లెయిమ్_డెస్క్

క్యాష్‌లెస్ అనేది ఇన్సూరెన్స్ కంపెనీకి, వర్క్‌షాప్‌కి మధ్య ఒప్పందం. పాలసీ ఎవరి దగ్గర కొన్నారనేదానితో పనిలేదు. ఆ కంపెనీ నెట్‌వర్క్ జాబితాలో మీ సర్వీస్ సెంటర్ ఉందా లేదా చూసుకోండి, ఉంటే చాలు. షోరూమ్‌లు ఇన్సూరెన్స్ అమ్మేది బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2017లో తెచ్చిన మోటార్ ఇన్సూరెన్స్ సర్వీస్ ప్రొవైడర్ మార్గదర్శకాల కింద, వాటి ప్రకారం మా దగ్గరే కొనాలని కస్టమర్‌ని బలవంతపెట్టకూడదు. ఆ ఐఆర్‌డీఏఐ ఆఫీసు మీరు రోజూ వెళ్లే నానక్‌రామ్‌గూడలోనే ఉంది, ఆ ముక్క ఒకసారి నవ్వుతూ అనండి, డెలివరీ లేటు సంగతి మళ్లీ ఎత్తరు. ఎక్స్‌చేంజ్ బోనస్‌లోనో డిస్కౌంట్‌లోనో కోత పెడతామంటే మాత్రం అది బేరం, మొత్తం ధర కూడి చూసుకోవడమే.

కొత్త కారుకి థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి) ప్రీమియం మూడేళ్లకి ఒకేసారి కట్టాలి, 2018 సెప్టెంబర్ నుంచి అదే పద్ధతి. మీ 1497 సీసీకి 2022లో ఖరారైన రేటు ప్రకారం అది 10,640, దానిపైన జీఎస్టీ. ఇందులో ఏ కంపెనీ అయినా ఒకటే రేటు, బేరం ఉండదు. బేరమంతా ఓడీలో, యాడ్-ఆన్‌లలో. ఓడీ ఒక్క ఏడాదికే తీసుకుంటే టైర్ కవర్ కూడా ఒక్క ఏడాదికే, వచ్చే ఏడాది వద్దనుకుంటే తీసేయొచ్చు. ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే సగం టెన్షన్ పోతుంది.

ఆటోనగర్_టైర్లు

విజయవాడ ఆటోనగర్‌లో మాది టైర్ల షాపు. ఇన్సూరెన్స్ లెక్కలు నాకు రావు, టైరు సంగతి చెప్తాను.

బుడగ ఎందుకొస్తుందో తెలిస్తే కవర్ కావాలో వద్దో మీకే తెలుస్తుంది. టైరు పక్కగోడ లోపల దారాల పొర ఉంటుంది. గుంత అంచుకి వేగంగా తగిలినప్పుడు ఆ అంచుకీ రిమ్ముకీ మధ్య రబ్బరు నలిగి, లోపల కొన్ని దారాలు తెగుతాయి. పైకి రబ్బరు బాగానే కనపడుతుంది, తెగిన చోట గాలి తోసుకొచ్చి ఉబ్బుతుంది. దీనికి రిపేర్ లేదు. ప్యాచ్ వేస్తాం, వల్కనైజ్ చేస్తాం అని ఎవరన్నా చెప్తే ఆ షాపుకి దణ్ణం పెట్టి వచ్చేయండి, హైవే మీద పేలుతుంది.

గాలి తక్కువున్నప్పుడు ఇది ఇంకా తొందరగా వస్తుంది, సుబ్బారావు గారు చెప్పింది అందుకే నిజం. కానీ గాలి సరిగా ఉన్నా గుంత అంచు పదునుగా ఉండి, బండి అరవై డెబ్బై మీద ఉంటే ఏ టైరూ ఆగదు. ఇంకో అలవాటు, అందరూ గుంత కనపడగానే చివరి దాకా బ్రేక్ తొక్కి అలాగే పడతారు. బ్రేక్ పట్టి ఉన్నప్పుడు బండి బరువంతా ముందుకొచ్చి ముందు టైర్ల మీదే పడుతుంది. ముందు స్లో చేసి, గుంతలోకి దిగేటప్పటికి బ్రేక్ వదిలేయాలి.

అలాయ్ విషయం. చిన్న వంపు అయితే మెషీన్ మీద పెట్టి తీసేవాళ్లు ఉన్నారు, మా దగ్గరా ఉన్నారు, కొత్త రిమ్ ధరలో కొంచెమే అవుతుంది. పగులు కనపడితే మాత్రం వెల్డింగ్ చేయించకండి. ఈ తేడా తెలియక చాలామంది చిన్న వంపుకే కొత్త రిమ్ కొంటున్నారు. అందుకని రిమ్ కవర్‌కి పద్నాలుగు వేలు అని లెక్క వేసుకోకండి, పదింట్లో సగం పైన రిపేర్‌తో పోయేవే మా దగ్గరికొస్తాయి.

టైరు ధర కూడా ఒకసారి బయట అడగండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది, పాత వీడియోల్లో చెప్పే రేట్లు ఇప్పుడు లేవు. మీకు చెప్పిన పదకొండు వేలు సర్వీస్ సెంటర్ రేటు అయ్యుంటుంది, అదే కంపెనీ అదే సైజు డీలర్ దగ్గర తక్కువకే దొరకొచ్చు. అప్పుడు మీ లెక్క ఇంకా మారుతుంది.

ఈవీ_ఈశ్వరి

నా అనుభవం కొంచెం వేరే. మాది ఎలక్ట్రిక్ కారు, స్టెప్నీ లేదు. టైర్ ప్రెషర్ మానిటర్, రిపేర్ కిట్ ఉంటే స్టెప్నీ ఇవ్వక్కర్లేదని 2020లోనే రూల్ మార్చారు, అప్పట్నుంచి చాలా బండ్లలో ఆ చోటులో ఒక సీలెంట్ డబ్బా, పంపు పెట్టి ఇస్తున్నారు. చిన్న మేకు దిగితే ఆ డబ్బా పనిచేస్తుంది. సైడ్‌వాల్ కోసుకుపోతే అది ఎందుకూ పనికిరాదు, కారు ట్రక్కు మీద ఎక్కించాల్సిందే. మాకు శ్రీశైలం వెళ్తుంటే మన్ననూర్ దాటాక రాయి తగిలి సైడ్‌వాల్ చీరింది. నల్లమలలో సిగ్నల్ లేదు, సాయంత్రం దాటితే చెక్‌పోస్ట్ గేటు మూసేస్తారు, చిన్న పాపతో ఎంత కంగారుపడ్డామో. అటుగా వస్తున్న ఒక ఆర్టీసీ డ్రైవర్ గారు మన్ననూర్‌లో చెప్పి పంపిస్తే బండి వచ్చింది.

అందుకని స్టెప్నీ లేని బండి కొనేవాళ్లు టైర్ కవర్ కంటే ముందు రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌లో ఏముందో చూసుకోండి. ఎన్ని కిలోమీటర్ల దాకా ఉచితంగా లాగుతారు, కారుని పైకెక్కించుకుని వెళ్లే ఫ్లాట్‌బెడ్ ట్రక్కు ఇస్తారా, అడవి దారుల్లోకి వస్తారా. డబ్బు తర్వాత సంగతి.

కుర్రాడు గారూ, మీ బండికి స్టెప్నీ ఉందా? ఉంటే ఏ సైజు?

కొండాపూర్_కుర్రాడు

ఉంది అక్కా, కానీ 16 అంగుళాల ఇనప రిమ్. మిగతా నాలుగూ 17. దాని మీద ఎనభై దాటొద్దని స్టిక్కర్ కూడా అంటించారు.

ఎడిసన్_ఏలూరోడు

అమెరికాలో ఉన్న మనవాళ్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి ఇక్కడి సంగతి ఒక ముక్క. న్యూజెర్సీలో చలికాలం మంచు నీళ్లు రోడ్డు పగుళ్లలోకి దిగి గడ్డకట్టి, మళ్లీ కరిగి, మార్చి వచ్చేసరికి రోడ్డంతా గుంతలే. కాబట్టి భయం నిజమే. కానీ అమ్మే పద్ధతి వేరు. బేరమంతా అయిపోయాక ఫైనాన్స్ ఆఫీసులో కూర్చోబెట్టి "టైర్ అండ్ వీల్ ప్యాకేజీ, నెలకి ఇరవై డాలర్లే" అంటారు. నెలకి ఇరవై అంటే అరవై నెలల లోన్‌కి పన్నెండు వందలు, అందులో వడ్డీ కూడా కలిసి ఉంటుంది. ఎప్పుడూ నెల లెక్క వినకండి, మొత్తం ఎంతో అడగండి. ఆ ధర రాయి మీద చెక్కింది కాదు, వద్దని లేచి నిలబడితే సగానికి దిగిన సందర్భాలు చూశాను. సంతకం పెట్టేసినా రద్దు చేసుకోవచ్చు, వాడని కాలానికి తిరిగొస్తుంది, లోన్ ఉంటే లోన్‌లోంచి తీసేస్తారు.

ఇక్కడి ఇన్సూరెన్స్‌లో కొలిజన్ కవరేజ్ (మన బండి దేనికైనా గుద్దుకుంటే ఇచ్చేది) ఉంటే గుంత వల్ల రిమ్ పగిలినా అందులో వస్తుంది, కానీ డిడక్టబుల్ ఐదొందలో వెయ్యో ఉంటుంది కాబట్టి ఒక్క టైరుకి పనికిరాదు. మొదటి సెట్ టైర్లు అరిగాక కాస్ట్‌కో స్టోర్‌లో వేయించుకుంటే ఐదేళ్ల రోడ్ హజార్డ్ వారంటీ (గుంతలు, మేకుల వల్ల పాడైతే) వాళ్లే ఇస్తారు, విడిగా ఏం కట్టక్కర్లేదు. లీజు బండికి పెద్ద రిమ్ములు ఉన్నవాళ్లు మాత్రం కొంచెం ఆలోచించుకోవచ్చు, తిరిగిచ్చేటప్పుడు రిమ్ దెబ్బలకి కూడా వసూలు చేస్తారు.

స్టెప్నీ_సుబ్బారావు

అమెరికా సంగతి బాగుంది కానీ తమ్ముడు నరసరావుపేట వెళ్తున్నాడు, కాస్ట్‌కోకి కాదు :)

నాని, నీ నిమ్మకాయ సంగతి చదివాక మా అల్లుడి బండి చూసొచ్చా, 18 అంగుళాలు, పక్కగోడ రెండు వేళ్ల మందం లేదు. వాడికి మాత్రం పెట్టించమనే చెప్తా. చిన్న కారు, పద్నాలుగు పదిహేను అంగుళాల ఇనప రిమ్ ఉన్నవాళ్లకి మాత్రం నా మాట మారదు. టైరు నాలుగైదు వేలు, దానికి ఇన్సూరెన్స్ ఏంటి?

నిజాంపేట్_నాని

సుబ్బారావు గారు మెత్తబడ్డారు, ఈరోజు వాన గ్యారంటీ.

కొండాపూర్_కుర్రాడు

అప్‌డేట్. రెండు కంపెనీలకి మెయిల్ పెట్టా. షోరూమ్ కట్టించేది, ఇంకోటి బయట ఆన్‌లైన్‌లో చూసింది.

షోరూమ్ కంపెనీ జవాబు: టైర్ క్లెయిమ్ కూడా ఓడీ క్లెయిమే, ఎన్‌సీబీ పోతుంది, డిడక్టబుల్ ఉంటుంది, రిమ్ ఇందులో లేదు. కొటేషన్‌లో మాత్రం "టైర్ అండ్ రిమ్" అని రాశారు! అడిగితే సేల్స్ అబ్బాయి "సిస్టమ్‌లో పేరు అలా పడుతుంది సార్" అన్నాడు.

బయట కంపెనీ జవాబు: ఏడాదికి రెండు క్లెయిముల దాకా, ఈ యాడ్-ఆన్ కింద మాత్రమే అయితే ఎన్‌సీబీకి ఏం కాదు, టైరు గీతల లోతుని బట్టి నాలుగు మెట్లు, రిమ్ పగిలినా వంగినా కలిపి. ప్రీమియం జీఎస్టీతో 1,750. నా సర్వీస్ సెంటర్ వాళ్ల నెట్‌వర్క్‌లో ఉంది. ఆ మెయిల్ ప్రింట్ తీసి ఫైల్లో పెట్టా.

కాబట్టి బయటే తీసుకుంటున్నా, టైర్ కవర్‌తో. రెండేళ్ల తర్వాత తీసేస్తా. తాళం కవర్ తీసేయించా, ఇంజిన్ ప్రొటెక్ట్ ఉంచా, మా కాలనీలో గట్టి వాన పడితే సెల్లార్‌లోకి నీళ్లొస్తాయి. మొత్తం మీద షోరూమ్ కొటేషన్ కంటే పద్నాలుగు వేలు తగ్గింది. వాళ్లు ఇన్సూరెన్స్ డిస్కౌంట్ అని ఐదు వేలు వెనక్కి తీసుకున్నారు, అయినా తొమ్మిది మిగిలింది.

క్లెయిమ్_డెస్క్

చాలా మంచి పని. ఆ మెయిల్ ఉంటే రేపు సర్వేయర్ వేరేలా చెప్పినా మీ చేతిలో కాగితం ఉంటుంది. కంపెనీ గ్రీవెన్స్ సెల్‌కి రాసినా పని కాకపోతే ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల పోర్టల్ బీమా భరోసా ఉంది, ఆపైన ఫిర్యాదులు విని తీర్పిచ్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్, ఆ ఆఫీసు కూడా హైదరాబాద్‌లోనే. లాయర్ అక్కర్లేదు, ఫీజు లేదు. టైరు కోసం అక్కడిదాకా ఎవరూ వెళ్లరనుకోండి, కానీ మెయిల్ చివర్లో ఆ మాట రాస్తే జవాబు తొందరగా వస్తుంది.

డెలివరీ రోజు ఐదు టైర్ల కోడ్లూ ఫొటో తీయండి. డీఓటీ అని మొదలయ్యే వరసలో చివరి నాలుగు అంకెలు, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 3525 అంటే 2025లో 35వ వారం. ఐదూ దగ్గర దగ్గర తేదీలే ఉండాలి. ఒకటి బాగా పాతదైతే బండి తీసుకోకముందే మార్పించుకోండి, సంతకం పెట్టాక ఎవరూ వినరు. అవే ఫొటోలు క్లెయిమ్ అప్పుడు ఇది కంపెనీ నుంచి వచ్చిన టైరేనని చూపించడానికి కూడా పనికొస్తాయి.

కొండాపూర్_కుర్రాడు

చివరిగా ఒక డౌట్. ఆ 16 అంగుళాల స్టెప్నీ వేసుకుని వెళ్తుంటే అదే గుంతలో పడి పోయిందనుకోండి, దానికీ కవర్ వస్తుందా?

క్లెయిమ్_డెస్క్

మీ కంపెనీ వర్డింగ్‌లో "వాహనానికి బిగించి ఉన్న టైర్లు" అని ఉందా, "నాలుగు టైర్లు" అని ఉందా చూడండి. మొదటిదైతే అడగడానికి దారి ఉంది. ఎలాగూ మెయిల్ నడుస్తోంది కదా, ఇది కూడా అందులోనే అడిగేయండి.

ఆటోనగర్_టైర్లు

ఆ స్టెప్నీలో గాలి కూడా చూడండి బాబూ. కొత్త బండ్లలో దాన్ని ఎవరూ ముట్టుకోరు, అవసరమైన రోజు తీస్తే పది పాయింట్ల (పీఎస్‌ఐ) గాలి కూడా ఉండదు.